వన్‌టౌన్‌లో నేను గెలిచిన వాదన

మా అన్నయ్యకి ఉత్తరాలు తప్ప నేను ఇంతవరకూ ఇంకేమీ రాసి ఎరగను. చదివింది ఐదో క్లాసు. నలుగురిలో నోరు తెరవాలంటేనే సిగ్గు. అలాంటి నేను మొన్న శనివారం వన్‌టౌన్‌లో, పట్టపగలు, వీధి పొడుగునా ఒక మొగాణ్ణి కడిగేశాను! ఎవర్ని కడిగానో తెలిశాక చూడండి నా అవస్థ. రాయమని మా అమ్మాయి ఒకటే గోల, అందుకని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మాయి మేరీ తొమ్మిదో క్లాసు. బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదని టీచరుగారు చీటీ రాసి పంపారు. డాక్టరుగారు చూసి, "దగ్గరివి కనబడుతున్నాయి, దూరానివి ఆనడం లేదు. కళ్ళజోడు పెట్టాలి. తల్లిదండ్రులకుంటే పిల్లలకి రావచ్చు. మీలో ఎవరికుంది?" అన్నారు. మావారికి పెళ్ళినాటికే కళ్ళజోడు. నేను ఆయన వంక చూశాను. అంతే చాలు కదా!

ఇంటికొచ్చాక మా అత్తగారు ఒప్పుకుంటేనా! "మావాడు పరీక్షలకి వీధి దీపం కింద చదివి కళ్ళు పాడుచేసుకున్నాడు. పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లకి నీ వైపునుంచే వచ్చింది," అంది.

"మా వైపు కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు ఒక్కళ్ళు లేరత్తయ్యా," అన్నాను.

ఎన్నిసార్లు లేవదీసినా నాది అదే జవాబు. అది వినగానే ఆవిడ విసురుగా లేచి వరండాలోకి వెళ్ళిపోయేది. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్ల జడ దాకా అన్నిట్లోనూ ఓడిపోయినదాన్ని. పదహారేళ్ళ కాపురంలో మొదటిసారి గెలుస్తున్నాను. వదులుకుంటానా?

మావారు మటుకు ఎటూ చెప్పరు. మా ఇల్లు చిన్నది, గుసగుసలాడినా అత్తగారికి వినబడుతుంది. అందుకని ఆయనతో ఏదన్నా తేల్చుకోవాలంటే నాకు రోడ్డే గతి. ఆయన ముందు నడుస్తారు, నేను రెండడుగులు వెనక. ముఖం కనబడదు కనక సిగ్గుండదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నీ అనేస్తాను. ఆయన "ఊ" అంటారు.

శనివారం కళ్ళజోడు తెచ్చుకోడానికి ముగ్గురం పటమటలో బస్సెక్కాం. మేరీ షాపులోనే పెట్టుకుంది. ఇక బయటికొచ్చాక చూడాలి! "నాన్నా, అదేంటి? నాన్నా, ఇదేంటి?" అంటూ ప్రతి కొట్టు ముందూ ఆగడమే. తోపుడుబళ్ళు, మూటలు, జనం. ఒక బండిని తప్పుకుని చూసేసరికి మావారి తెల్లచొక్కా, చంకలో గొడుగు, ముందు పోతున్నాయి. పిల్ల ఆ పక్కనే ఉంటుందిలే అనుకుని వెనకాలే నడిచాను.

"డాక్టరుగారన్నది విన్నారు కదా?"

"ఊ."

"మా వైపు ఎవరికన్నా కళ్ళజోడుందా?"

"ఊహూ."

"మరి పిల్లకి మీ వైపునుంచి వచ్చినట్టే కదా?"

"ఊ."

ఒప్పేసుకున్నారు! ఇక ఆగుతానా? "పదహారేళ్ళనుంచి నా పక్షాన ఒక్క మాటన్నా అన్నారా మీరు? ఇవాళ ఇంటికెళ్ళి ఇదే మాట మీ అమ్మగారి ముందు చెప్పాలి. చెబుతారా, చెప్పరా?"

ఆయన ఆగారు. "మా అమ్మ పోయి ఆరేళ్ళయింది కదే..." అంటూ వెనక్కి తిరిగారు.

కళ్ళజోడు లేదు. మీసం ఉంది! మావారికి కళ్ళజోడుంది, మీసం లేదు.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు ఆ మీసాలాయన. నేను కొంగు ముఖం మీదికి లాక్కున్నాను. "మా ఆవిడనుకున్నానమ్మా. వెనకనుంచి మాటలొస్తుంటే ఊ కొట్టడం అలవాటైపోయింది," అన్నాడు పాపం.

ఇంతలో వాళ్ళావిడ చింతపండు సంచి మోసుకుంటూ రానే వచ్చింది.

"ఎవరండీ ఈవిడ?"

"ఏమోనే. పిల్లకి నా వైపునుంచే వచ్చిందంటోంది."

"ఏ పిల్లకి?" అంది ఆవిడ, సంచి కింద పెట్టేసి.

నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. అప్పుడు వినబడింది, "అమ్మా!" అని. మేరీ పరుగెత్తుకొచ్చింది. "వీధి ఆ చివర్నుంచే కనబడ్డావమ్మా! నీ చీర మీద పువ్వులు కూడా!" వెనకాలే మావారు, అసలాయన! మీసాలాయన జరిగిందంతా చెప్పాడు. వాళ్ళావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మావారు నవ్వలేదు. రోడ్డవతలికి చెయ్యి చూపించి, "ఆ బోర్డు చదువు," అన్నారు.

"ఏ బోర్డండీ?" అన్నాను.

అప్పుడు నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు కూడా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చర్చిలో నేనెప్పుడూ ముందు వరసలో కూర్చుంటాను. వెనక కూర్చుంటే పాదిరిగారికి ముఖం ఉండదు మరి. అందరూ నాది గొప్ప భక్తి అనుకుంటున్నారు! మా నాన్న అయితే చేలో దిష్టిబొమ్మని చూసి, "పొద్దెక్కింది, ఇంకా వంగవేరా?" అని గట్టు మీదనుంచి కేకలేసేవాడు. తమాషాకి అంటున్నాడని మేం నవ్వేవాళ్ళం. మా వైపు కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు లేరన్నది నిజమే. కళ్ళు చూపించుకున్నవాళ్ళూ లేరు! దూరానివి అందరికీ అలాగే కనబడతాయనుకున్నాం.

"అమ్మతో చెప్పనులే," అన్నారు మావారు. మేరీ కూడా ఒట్టు పెట్టింది. గెలుపు గెలుపుగానే ఉంచుకోవచ్చు. కాని అత్తగారు మళ్ళీ లేవదీస్తే ఆ జవాబే చెప్పాలి కదా, నాలిక తిరగద్దూ?

మర్నాడు పొద్దున్నే, ఇంకా వెలుతురు రాకముందే, కాఫీ కలిపి వరండాలోకి వెళ్ళాను. మంచం మీద అత్తగారు అటు తిరిగి పడుకునుంది. ధైర్యం పోకముందే గుమ్మంలో నిలబడి గబగబా చెప్పేశాను. "అత్తయ్యా, పిల్లకి నా వైపునుంచి కూడా వచ్చిందండీ. నాకూ దూరం ఆనడం లేదు. ఇన్నాళ్ళూ మీకు ఎదురు చెప్పాను, మనసులో పెట్టుకోకండి."

ఒక్క మాట అనలేదు. ఎంత మంచి మనిషి అనుకుని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"పరుపుచుట్టకి కాఫీ ఎందుకే?" అంది అత్తగారు, నూతి దగ్గర్నుంచి వస్తూ.

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆవిడ అంతా విని, గ్లాసు అందుకుని, "నాకెప్పుడో తెలుసు. పెళ్ళిచూపుల్లో మావాణ్ణి చూసి సరేనన్నప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకి చూపు ఆనదని," అంది.

పరుపుచుట్టే నయం.