దానికాడ తిన్న అన్నం

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. అనుమానం మాత్రం ఉండేది, అదీ మా ఆయన మీద.

ఆయన నాకు మేనబావ. పెళ్లయ్యేనాటికి గాజువాక అవతల ఒక చిన్న రోలింగు మిల్లులో పని. ఇనుప దిమ్మలు కాల్చి ఊచలు తీసే మిల్లది. కొలిమి లోపలి రంగు చూసి వేడెంతో చెప్పేసేవాడట. నేను కట్టిన చీర రంగు మాత్రం కనబడేది కాదు. ఇంటికొచ్చినా మిల్లు కబుర్లే. నాకు ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో ఆ మిల్లు మూతపడింది. నిజం చెబుతున్నా, పీడ విరగడైందనుకున్నాను. ఆయనకు ఆ పక్కనే లారీలు తూచే కాటాలో పని దొరికింది. పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్లి, మధ్యాహ్నం రెండింటికల్లా సైకిలు మీద వచ్చేసేవాడు.

రెండేళ్ల తర్వాత ఒకరోజు తోముదామని ఆ ఖాళీ క్యారేజీ అందుకుంటే చెయ్యి చురుక్కుమంది. అడుగు గిన్నె కాలిపోతోంది. కాటా దగ్గర పొయ్యి లేదని నాకు తెలుసు. మర్నాడూ అంతే.

"ఎవులు ఎచ్చబెట్టేరు బావా?" అని అడిగాను.

"దానికాడే తిన్నానే," అన్నాడు కాళ్లు కడుక్కుంటూ.

దానికాడ! ఎవత్తో అన్నం వెచ్చబెట్టి, పక్కన కూర్చుని మరీ తినిపిస్తోందని తేల్చేసుకున్నాను. వారం రోజులు కూరలో ఉప్పు వెయ్యలేదు. అదీ దాని చేతే వేయించుకోమని.

ఎనిమిదో రోజు నేనూ ఒక క్యారేజీ కట్టుకుని బస్సెక్కాను. నిజంగా ఎవత్తయినా కనబడితే అటునుంచి అటే సబ్బవరంలో పుట్టింటికి పోదామని.

కాటాలో ఆయన లేడు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ అప్పన్న ఉన్నాడు. "రోజూ ఒక్కడే వత్తాడమ్మా. దానికాడ కూకుని తినేసి ఎల్తాడు," అని షెడ్డులోకి చెయ్యి చూపించాడు.

లోపల కొలిమి, దాని ముందు మా ఆయన. ఇంకో మనిషి లేదు.

మిల్లు నడిచే రోజుల్లో పనివాళ్లంతా కొలిమి ముందున్న ఇనుప పలక మీద క్యారేజీలు పెట్టి వెచ్చబెట్టుకునేవారు. ఆయన క్యారేజీ అక్కడే ఉంది.

"ఏటే, నువ్వూ వచ్చీసేవా? కూకో. నీదీ ఇలాగెట్టు," అన్నాడు. మొహమంతా నవ్వే. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

పలక తడిమాను. తుప్పు, పావురాల రెట్టలు, చల్లటి ఇనుము. కొలిమి లోపల ఏదో పిచ్చిమొక్క మొలిచింది. ఆయన క్యారేజీకి జానెడు దూరంలో నాది పెట్టాను.

కాసేపటికి ఆయన మూత తీస్తే అన్నంలోంచి ఆవిరి లేచింది. నాది తీశాను. చల్లారి, ముద్దకట్టి ఉంది.

"కుళ్లుకోకే," అని నవ్వి, తన అన్నంలో సగం నా గిన్నెలో వేశాడు. నాలుక కాలింది. అలాగే తిన్నాను.

కొన్నేళ్లకు ఆ షెడ్డు విప్పి లారీల్లో పట్టుకుపోయారు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే, నేను గ్యాసు మీద వెచ్చబెట్టిందే తింటాడు. బాగుందా అంటే "పరవాలేదే" అంటాడు.

ఆరిపోయిన కొలిమి అన్నం ఎలా వెచ్చబెట్టిందో నేను చెప్పలేను. చదువుకున్నవాళ్లెవరైనా చెబితే వింటాను. నన్ను తొలిచేది అది కాదు. ఒకే పలక మీద జానెడు దూరంలో రెండు క్యారేజీలు పెడితే, అది నా క్యారేజీ జోలికే రాలేదు.