కోటకు మూడు తలుపులు

పలమనేరులో బస్సెక్కి, ఆదివారం ఆట కోసం నోటుపుస్తకంలో కోట బొమ్మ గీసుకుంటున్నాను. ఒళ్ళో టమాటా నారు ట్రే పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దావిడ అదేమిటని అడిగింది.

కథల ఆట అన్నాను. తిరుపతిలో నలుగురు మిత్రులు నా కథలో మనుషులవుతారు. ఏం చేస్తారో చెప్పి పాచికలు వేస్తారు. దాన్నిబట్టి నేను అప్పటికప్పుడు కథ అల్లాలి. గొప్ప కోసం కిటుకు కూడా చెప్పేశాను.

"కోటకు మూడు తలుపులమ్మా. ఏది తీసినా వచ్చేది ఒకే రాక్షసుడు. ఆ సంగతి వాళ్ళకు తెలీదు."

ఆమె నవ్వలేదు. "ఏది తియ్యాలని వాళ్ళల్లో వాళ్ళు కొట్లాడుకుంటారా నాయనా?"

"బాగా. అదే కదా సరదా."

ఆమె కిటికీలోంచి, ఎర్రమట్టి పోసిన కొత్త రోడ్డు వైపు చూసింది. "ఆ రోడ్డుకు ఆఫీసర్లు మాకూ మూడు దార్లు గీసి సూపించినారు. మీ ఇష్టం అన్నారు. నా సేన్లో వద్దని నేను, వాడి సేన్లో వద్దని మా తమ్ముడు, ఊరంతా సూస్తా ఉండంగా తిట్టుకున్నాము. మా ఇద్దరి సేన్ల మీదే పోవాలని వాళ్ళు ముందే రాసిపెట్టుకున్నారంట. తమ్ముడు ఇప్పటికీ మాట్లాడడు."

బంగారుపాళెంలో ఆమె దిగిపోయింది.

ఆదివారం మా వాళ్ళు తలుపుల దగ్గర అరగంట వాదించుకున్నారు. ఒకడు అలిగి పాచికలు పక్కకు తోసేశాడు. చివరికి మూడో తలుపు తీసి నా వైపు చూశారు.

అప్పటికప్పుడు ఇంకేదైనా అల్లగలను. మా వాళ్ళలో నాకున్న పేరే అది. రాసిపెట్టుకున్న రాక్షసుణ్ణే పంపాను.