మామగారి చీనా జాడీ

మా మామగారు రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. యుద్ధంలో అక్కడ బాంబులు పడ్డప్పుడు అత్తగారితో సహా ఓడెక్కి నరసరావుపేట వచ్చేశారు. సామాను తగ్గించుకోమన్నారని అత్తగారి పట్టుచీరల మూట రేవులో వదిలేసి, ఒక చీనా జాడీని మాత్రం పంచెలో చుట్టి చంకన పెట్టుకొచ్చారట. నేను కాపరానికొచ్చేసరికి యుద్ధం ముగిసింది గానీ ఆ చీరల గొడవ ముగియలేదు.

జాడీ చుట్టూ బంగారు మీసాలతో నాలుగు కాళ్ల పామొకటి మెలికలు తిరిగి ఉండేది. కోపమొచ్చినప్పుడు మామగారి మొహం అచ్చం అట్లాగే ఉండేది. అడుగున ఎర్రటి చీనా అక్షరాలు. ఎవరొచ్చినా జాడీ తిరగేసి చూపించేవారు.

“చక్రవర్తి ముద్ర. మూడొందల ఏళ్లనాటి సరుకు!”

ఆయనకి చీనా భాష నాకొచ్చినంతే వచ్చు. గోటితో కొట్టి, “ఆ మోత విన్నారా?” అనేవారు. “మన ఆవకాయ జాడీ కూడా మోగుద్ది,” అని వంటింట్లోంచి అత్తగారు.

గురజాల వైపు మోతుబరి ఒకాయన చూసి, పాడిగేదెని ఇస్తా, జాడీ ఇయ్యమన్నాడు. మామగారు బెట్టుచేసి, మళ్లీ వారం రమ్మన్నారు. ఆయనొచ్చే రోజు పొద్దున అత్తగారు జాడీని చింతపండూ బూడిదా పెట్టి తోమింది.

“అమ్మాయ్, ఇట్రా! చక్రవర్తికి క్షవరమైంది.”

పాము బంగారు మీసాలు పోయాయి. మామగారు పరిగెత్తుకొచ్చారు.

“ఏమే, ఏం చేశావే!”

“నేనేం చేశా? ఒక్క తోముడుకి పోయే బంగారం మూడొందల ఏళ్లు ఎట్టా నిలిచిందయ్యా? అడుగంచు చూడు, ఇంకా గరుగ్గానే ఉంది. నా రోలు పదేళ్లకే నున్నగా అరిగింది. ఆ రంగూన్ కొట్లో ఇట్టాంటివి వరసన పేర్చుంటే నేను చూళ్లేదా? పాత రాజు పేరు కొత్త కుండ మీద రాశారు, అంతే.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నా చీరలు నన్నడిగి వదిలేశావా?”

నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాను.

మోతుబరి వచ్చేసరికి మామగారు మీసాల్లేని వైపు గోడకి తిప్పిపెట్టారు. అత్తగారు ముందుకు తిప్పి, “అన్నా, ఇది కొత్తది. చూసి తీసుకో,” అంది. ఆయన పడీపడీ నవ్వాడు.

“నేను చూపించుకునేది మా వియ్యంకుడికి. ఆయనకి చీనా భాషొచ్చా ఏందమ్మా? వాళ్లింట్లో ఇట్టాంటిది లేదు, నాకది చాలు. కాకపోతే పాడిగేదెని ఇయ్యను, చూడిపడ్డని ఇస్తా.”

అన్నట్టే తోలించాడు. మామగారు ఆ పడ్డ వంక కన్నెత్తి చూళ్లేదు. దాని పాలు ముట్టనని శపథం కూడా పట్టారు. అది ఈనింది. ఇల్లంతా జున్ను వాసన కమ్ముకుంది. ఆయన వంటింటి గడప దగ్గర రెండుసార్లు దగ్గారు.

“ఏమే, నాక్కాస్త మిగిల్చావా?”

అత్తగారు గిన్నె మొత్తం ఆయన ముందుకు తోసింది.