నెట్టు మీద నడిచే అలలు

మా నర్సరీ మేస్త్రి గారు పోయారని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. గుమస్తాని కదా, లారీకెత్తే మొక్కల జాబితా రాసుకుంటున్నాను. పెన్ను పక్కన పెట్టి పైకి, నెట్టు వంక చూశాను. అది ఆయన నేర్పిన అలవాటే.

కడియం ఎండలకు లేత అంట్లు తట్టుకోవు. అందుకని పందిరి మీద పచ్చ నెట్టు రెండు పొరలుగా కడతాం. ఒకదాని గళ్ల మీద ఇంకోదాని గళ్లు పడి, రెండింట్లోనూ లేని పెద్ద పెద్ద అలలు కనిపిస్తాయి. మీరూ ఎక్కడో చూసే ఉంటారు. మాకవి కంటికి చికాకు. మేస్త్రి గారు మాత్రం రోజూ ఆరిన చుట్ట నోట్లో పెట్టుకుని, గుమ్మంలో కొయ్యబొమ్మలా నిలబడి వాటినే చూసేవారు.

"అలలు నడిస్తే ముందు నువ్వు కదులుతున్నావేమో చూసుకోమ్మా. నువ్వు నిలబడ్డా నడిస్తే, అక్కడ నిలబడకు," అనేవారు. చాదస్తం అనుకునేదాన్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం. లారీ డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. పందిట్లో పన్నెండు మంది ఆడవాళ్లు మొక్కలు తీస్తున్నారు. ఉన్నట్టుండి మేస్త్రి గారు "అందరూ బయటికి రండి!" అని అరిచారు.

నాకు ఒళ్లు మండింది. "ఆకు కూడా కదలట్లేదు. ఏంటండీ ఈ గొడవ?"

"గాలి లేకుండా అలలు నడుస్తున్నాయనేగా నా భయం! కాలవ వైపు స్తంభం దిగిపోతోంది. అది కంటికి ఆనదు, అలలో తెలుస్తుంది."

ఆడవాళ్లు వచ్చేశారు. నేను మాత్రం పంతం కొద్దీ మిగిలిన ట్రేల కోసం లోపలికి నడిచాను. తలెత్తితే పచ్చటి అల ఒకటి మెల్లగా జారుతోంది. ఆగాను. అది ఆగలేదు. దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయన వెనక నుంచి జబ్బ పట్టి ఈడిస్తే వెళ్లి బయట బురదలో పడ్డాను. ఆ తర్వాతే ఇనప పైపులు కూలిన చప్పుడు విన్నాను.

"ట్రేలు పోతే పోయాయిలే," అన్నారంతే. ఆ పంతానికి క్షమించమని అడగాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. సిగ్గుపడి అడగలేదు. నేనీ రోజు బతికున్నానంటే ఆయన వల్లే, ఆ మాటా చెప్పలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. వరండాకి దోమల జాలీ, దాని వెనక కిటికీకి ఇంకో జాలీ. రెండూ కలిసిన చోట అవే అలలు, నడుస్తున్నాయి. ఆయన చెప్పినట్టే గుమ్మంలో కదలకుండా నిలబడ్డాను. అయినా నడుస్తూనే ఉన్నాయి.

ఆయన భార్య వచ్చి నా భుజం పట్టుకున్నారు. అలలు నెమ్మదించాయి.

"వణికిపోతున్నావమ్మా. ఇలా కూర్చో."