పెద్దక్షరాల అవ్వ

నాకు గర్వం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. మీసం లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే రోజుకు నాలుగుసార్లు మెలేసేదాన్ని. నా గర్వానికి కారణం ఒక తప్పు. ఆ తప్పు చేసింది నేనే, పట్టుకుంది నేనే, మళ్లీ జరగకుండా కట్టడి చేసిందీ నేనే. మొదటిది దాచిపెట్టి మిగతా రెండూ చెప్పుకుంటే అవి కోతలవుతాయి. అందుకని మొదటి నుంచే చెబుతాను.

భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, మాదొక చిన్న దవాఖానా. ఇద్దరు నర్సులు, వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు, ఒక రక్తపరీక్ష గది, ఆ గది మూలన నేనూ నా కంప్యూటరూ. జూలూరుపాడు నుంచి బస్సెక్కి, కొత్తగూడెంలో ఇంకో బస్సు మారి వస్తాను. రక్తపరీక్ష మిషను ఇచ్చే చీటీని స్కాన్ చేసి, ఆ మనిషి పేరుతో ఫైలుగా దాచడం నా పని. మా దగ్గర నెట్ ఉన్న రోజు పండగే. అందుకని వారానికోసారి ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి భద్రాచలంలోని పెద్దాసుపత్రికి పంపిస్తాం. చీటీలు చేతికిస్తే వానలో తడుపుకుంటారనో, దారిలో పోగొట్టుకుంటారనో ఆ పద్ధతి పెట్టారు. మేము పంపిన గర్భిణులను అక్కడి డాక్టరమ్మ ఆ ఫైలు తెరిచి చూస్తుంది.

మా చుట్టుపక్కల గూడేల్లో మనుషులు ఎక్కువ, పేర్లు తక్కువ. ఇంట్లో పుట్టిన మొదటి ఆడపిల్లకు అందరికంటే పెద్దదైన అవ్వ పేరు పెడతారు. అవ్వ బతికుండగానే పెడతారు. మేనరికాలు ఎక్కువ, ఇంటి పేరు ఎలాగూ ఒకటే అవుతుంది. కాబట్టి ఒకే గడపలో ఒకే పేరుతో ఇద్దరు ఉండడం అక్కడ వింత కాదు. వింతగా చూసేది కంప్యూటరే. ఒక పేరుతో ఫైలుంటే రెండోదాన్ని రానివ్వదు.

దవాఖానాకు ఆ కంప్యూటరు పెట్టి, పైసా కట్టనక్కర్లేని సిస్టమ్ ఎక్కించి పోయిన ఇంజనీరు ఖమ్మంలో ఉంటాడు. పేర్లు కలిస్తే ఒకటి, రెండు అని నంబర్లు వేసుకోమని మొదట్లోనే చెప్పాడు. నాకది నచ్చలేదు. జైల్లో ఖైదీలకు వేసినట్టు మనుషులకు నంబర్లేమిటి? నా బుర్రకు ఇంకో ఉపాయం తట్టింది. మేము ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. ఒకే పేరున్న ఇద్దరిలో పెద్దామె పేరు మొత్తం పెద్దక్షరాల్లో, చిన్నామె పేరు మొత్తం చిన్నక్షరాల్లో కొట్టాను. కంప్యూటరు కిమ్మనకుండా రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టుకుంది.

ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నర్సులిద్దరినీ పిలిచి చూపించాను. పెద్ద నర్సు కళ్లద్దాలు సర్దుకుని చూసి, "నీ బుర్రే బుర్ర గదనే" అంది. మర్యాద కూడా కుదిరింది చూడండి, పెద్దవాళ్లకు పెద్దక్షరాలు, చిన్నవాళ్లకు చిన్నక్షరాలు. ఆ వారమంతా ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా ఎవరూ నన్నేమీ అనలేకపోయారు. అంత బిర్రుగా తిరిగాను.

కొన్నాళ్లకు, లోపలి గూడెం నుంచి ఏడో నెల గర్భిణి వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల. తోడుగా వాళ్ల అవ్వ వచ్చింది. సన్నగా, నిటారుగా, చేతికర్ర లేకుండా నడిచే మనిషి. ఇద్దరిదీ ఒకటే పేరు.

"వచ్చినవ్ గద అవ్వా, నువ్వు గూడ రక్తం చూపిచ్చుకో" అన్నాను.

"నాకేమైంది బిడ్డా, రాయి లెక్క ఉన్న" అంటూనే చెయ్యి చాపింది.

అవ్వ మాట నిజమే. ఆమె రక్తం పదకొండు వచ్చింది. పిల్లకు మాత్రం ఆరు. ఏడో నెలలో ఆరంటే ఆటలు కాదు. పెద్ద నర్సు చీటీ చూసి పెదవి విరిచి, పిల్లను ఎల్లుండి భద్రాచలం పంపాలని మా రిజిస్టరులో రాసింది. నేను రెండు చీటీలూ స్కాన్ చేశాను. అవ్వకు పెద్దక్షరాలు, మనవరాలికి చిన్నక్షరాలు. ఎప్పటిలాగే అన్ని ఫైళ్లనూ ఒకే కమాండుతో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పంపించాను.

నాలుగో రోజు పొద్దున అవ్వ నేరుగా నా గదిలోకి వచ్చింది. వెనక ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందమ్మా గిట్ల జేసిన్రు? రక్తం మంచిగనే ఉన్నదన్నదంట డాక్టరమ్మ. వచ్చే నెల రమ్మన్నదంట."

"మంచిగ ఉన్నదా? ఎవరన్నరు?"

"మిషన్ల రాసున్నదంట. మిషన్‌కు కండ్లున్నయా?" అని అవ్వ తన బొటనవేలితో మనవరాలి కంటి కింద రెప్ప కిందికి లాగి నాకు చూపించింది. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "నా కోడిపెట్ట నెత్తి మీద గూడ ఇంతకంటె ఎరుపున్నది. ఇది మంచిగుండుడా?"

కంప్యూటరులో చూశాను. చిన్నక్షరాల ఫైలులో ఆరే ఉంది. భద్రాచలం నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టాను. చిన్నక్షరాల ఫైలు ఉంది. తెరిస్తే పదకొండు. పెద్దక్షరాల ఫైలు కోసం వెతికితే లేదు. పిల్ల పేరు మీద అవ్వ రక్తం కూర్చుని ఉంది. మా మిషను చీటీ మీద పేరు, తేదీ, చీటీ నంబరు ఉంటాయి కానీ వయసు రాదు. డాక్టరమ్మకు అనుమానం రావడానికి అందులో ఏమీ లేదు.

పెద్ద నర్సును కేకేశాను. ఆమె అంబులెన్సుకు ఫోను చేసింది. ఆరు ఉన్న చీటీని నేను ప్రింటు తీసి అవ్వ చేతికే ఇచ్చాను. బండి కదులుతుంటే అవ్వ ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకుంది. తలుపు వేసేదాకా పిల్ల నా వైపే చూసింది. దానికేమన్నా అయితే ఆ చూపు చచ్చేదాకా నన్ను వదలదనుకున్నాను.

గదిలోకి వచ్చి ఇంజనీరుకు ఫోను చేశాను. విషయమంతా విని, "మేడమ్, అది ఆపరేటర్ మిస్టేక్" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

"నేను పేర్లు సక్కగనే కొట్టిన సార్. రెండు ఫైళ్లు నా కండ్ల ముందట ఉన్నయ్. మీ పెన్‌డ్రైవే ఒకదాన్ని మింగింది."

"మింగడానికి అదేమన్నా కొండచిలువా మేడమ్?" అని పెట్టేశాడు.

కోపం వస్తే నాకు పని బాగా సాగుతుంది. రెండు ఖాళీ ఫైళ్లు చేశాను. ఒకటి పెద్దక్షరం, ఒకటి అదే చిన్నక్షరం. కంప్యూటరులో రెండూ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఒకటే ఉంది. మొదట చేరినదాని పేరు నిలిచింది, లోపలి సరుకు మాత్రం రెండోదానిది. అయిదుసార్లు చేశాను. అయిదుసార్లూ అంతే. తరవాత కొత్తగూడెం బస్టాండులో కూర్చుని, ఫోనులో దొరికిన పాఠాలన్నీ చూసి సంగతి అర్థం చేసుకున్నాను. ప్రతి అక్షరానికీ లోపల ఒక అంకె ఉంటుంది. మా కంప్యూటరు ఆ అంకెలనే చూస్తుంది. అంకె వేరైతే అక్షరం వేరు, పేరు వేరు. పెన్‌డ్రైవ్ పద్ధతి అది కాదు. అది రెండు పేర్లను పోల్చే ముందు అన్నిటినీ మనసులోనే పెద్దక్షరాలుగా మార్చుకుంటుంది. మనకు చూపించేటప్పుడు మాత్రం మనం రాసినట్టే చూపిస్తుంది. అందుకే పైకి ఏమీ తెలియదు. పైగా నేను వాడే కమాండు ఏదీ అడగకుండా పాతదాని మీద కొత్తదాన్ని రాసేస్తుంది.

అంటే పెన్‌డ్రైవ్ తన ధర్మం తాను చేసింది. కంప్యూటరూ అంతే. ఇద్దరి లెక్కలూ ఒకటేనని నమ్మింది నేను. మర్యాద అనుకుని, తెలివి అనుకుని, ఆ పిల్ల ప్రాణాన్ని ఒక అక్షరం సైజు మీద పెట్టింది నేను. ఆ రోజు బస్సులో ఏడ్చాను. కిటికీ వైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా.

పిల్లకు భద్రాచలంలో రక్తం ఎక్కించారు. వారం తరవాత ఇద్దరూ వచ్చారు. పిల్ల పెదాల మీదికి రంగు తిరిగొచ్చింది. నేను నర్సులిద్దరి ముందే అవ్వకు చెప్పేశాను.

"తప్పు నాదే అవ్వా. మీ ఇద్దరి పేర్లు ఒక్కటే ఉంటే, నేను చేసిన తెలివితక్కువ పనికి నీ కాయితం దాని మీద పడ్డది. మిషన్‌ది కాదు, డాక్టరమ్మది కాదు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. మనవరాలి తల నిమురుతూ, "మా ఇంట్ల ఒక్క కేకేస్తె ఇద్దరం పలుకుతం. గా మిషన్ ఏం జేస్తది పాపం" అంది. తరవాత గొంతు మార్చి, "ఇంకోపారి మాత్రం గట్ల కావొద్దు బిడ్డా" అంది. ఆ రెండో మాట నా గుండెలో గుచ్చుకుంది. ఇప్పటికీ తీయలేదు, తీయాలనీ లేదు.

ఇంజనీరు చేసిపెడతాడని ఎదురుచూడలేదు. నేనే కూర్చున్నాను. నేను చదివింది బీకాం. ప్రోగ్రాము రాయడం ఎవరూ నేర్పలేదు. పన్నెండు రోజులు పట్టింది. కొత్త పేరు కొట్టగానే నా ప్రోగ్రాము ముందు దాన్ని మొత్తం చిన్నక్షరాల్లోకి మారుస్తుంది, పాత పేర్లన్నిటినీ అలాగే మార్చి చూస్తుంది, కలిస్తే ఆగిపోయి, ఇద్దరూ ఒక్కరేనా అని అడుగుతుంది. వేరే మనిషి అని నేను చెబితేనే చీటీ నంబరు, పుట్టిన సంవత్సరం కలిపి కొత్త ఫైలు తెరుస్తుంది. ఖైదీ నంబరు అని వెక్కిరించింది నేనే కదా, ఆ నంబరు కాళ్లే పట్టుకున్నాను. కాపీ చేశాక అక్కడ ఎన్ని ఫైళ్లున్నాయో, ఇక్కడ ఎన్ని ఉన్నాయో కూడా చూసుకుంటుంది.

తెలుగులో పేర్లు పెడితే పెద్ద, చిన్న అక్షరాల గొడవే ఉండదు కదా అనిపించి అదీ ప్రయత్నించాను. అక్కడ ఇంకో తిరకాసు. ఫోనులో కొట్టిన పేరు, కంప్యూటరులో కొట్టిన పేరు కంటికి అచ్చం ఒకటే, మిషనుకు మాత్రం వేరు. ఒక చోట ఐత్వం ఒక్క ముక్కగా ఉంటే, ఇంకో చోట రెండు ముక్కలు అతికి ఉంది. ఇంకో పేరులో కంటికి కనపడని గుర్తు ఒకటి నక్కి ఉంది. ఈసారి భయపడలేదు. ఒకరు సోలతో, ఇంకొకరు మానికతో కొలిచిన వడ్లు ఎవరివి ఎక్కువో చెప్పాలంటే ముందు రెండిటినీ ఒక కొలతలోకి తేవాలి. మా అమ్మమ్మకు తెలిసిన లెక్కే. ముందు మార్చు, తరవాత పోల్చు. దాన్నీ నా ప్రోగ్రాములో చేర్చాను.

ఇంజనీరు వచ్చి చూశాడు. "ఇది ఎవరు రాసిచ్చిన్రు మేడమ్?" అన్నాడు. "ఆపరేటర్" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క కూడా అనకపోవడం నా జీవితంలో నేను చూపిన గొప్ప నిగ్రహం. మిగతా దవాఖానాలకు ఇస్తానని కాపీ చేసుకుని పోయాడు. ఆయన పోయాక పెద్ద నర్సు, నేను రెండేసి టీలు తాగాం.

మొన్న ఎండాకాలం అవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి ముందు మనవరాలు నడుస్తోంది, అవ్వ చంకలో మెత్తటి పాత చీరలో చుట్టిన పసిపిల్ల. రెండో నెల. టీకా వేయించి, బరువు చూపించి, నా గదిలోకి తెచ్చారు. పిల్ల నా కంప్యూటరు వెలుగు వైపు కళ్లు పెద్దవి చేసి చూసింది.

"పేరేం పెట్టిన్రు?"

అవ్వ నన్ను వింతగా చూసింది. "ఏం పెడ్తం? నా పేరే."

నవ్వుకుంటూ ఆ పేరు కొట్టాను. ఎంటర్ నొక్కగానే తెర ఆగింది. నేను రాసిన వాక్యమే, నేను పెట్టిన ఎర్ర రంగులోనే, నన్నే అడిగింది. అవ్వకు చదువు రాదు కానీ ఎరుపు తెలుసు.

"ఏమంటున్నది?" అంది భయంగా, పిల్లను దగ్గరికి హత్తుకుని.

"మీరు ముగ్గురూ ఒక్కరేనా అని అడుగుతున్నది అవ్వా."

"కాదని చెప్పు. ముగ్గురమని చెప్పు."

చెప్పాను.