మునిరత్నం మైక్ సెట్టు ఆపిన రోజు

పుంగనూరు చుట్టుపక్కల పెళ్లి పెట్టుకునేవాళ్లు పురోహితుడి కంటే ముందు మునిరత్నాన్ని అడిగి ముహూర్తం ఖాయం చేసుకుంటారని ఒక మాట ఉంది. కొంచెం ఎక్కువే అనుకోండి. కానీ ముప్పై ఏళ్లలో ఒక్క పాట మధ్యలో కూడా ఆయన మైక్ సెట్టు ఆగలేదన్నది అచ్చమైన నిజం. సోమలలో ఒక పెళ్లిపందిట్లో వాన దంచికొడుతుంటే, గొడుగు యాంప్లిఫయర్‌కు పట్టి తాను తడిసి ముద్దయ్యాడు. వారం జ్వరం.

"మనిషికి జొరమొస్తే మాత్రుండాది. సెట్టుకు పోయిన పేరు యాడ తెస్తావు?" అని భార్య రమణమ్మనే ఎదురడిగాడు. రమణమ్మ మాత్రం తక్కువదా? వైర్లు అతికించడంలో ఆయనకే తప్పులు చెబుతుంది.

ఈ మధ్య కుర్రకారంతా డీజే బండ్ల వెంట పడ్డారు. మునిరత్నం పనస చెక్కతో స్వయంగా చేసుకున్న నాలుగు బేస్ బాక్సులను చూసి, "అవి బీరువాలా అన్నా?" అని పళ్లికిలించేవాళ్లు. పైకి నవ్వేసేవాడు గానీ లోపల కాలిపోయేది.

అలాంటి రోజుల్లో కుప్పంలో లెక్చరర్‌గా పనిచేసే హరీష్ ఒక విదేశీయుణ్ణి వెంటబెట్టుకుని మునిరత్నం దుకాణానికి వచ్చాడు. ఆయన పేరు డెల్రాయ్. జమైకాలో బేస్ మోత మీద నడిచే రెగే పాటలు పాడతాడు. తన బృందంతో మదనపల్లెలో దిగాడు, మర్నాడు సాయంత్రం కుప్పంలో కచేరీ. నడుము దాకా వేలాడుతున్న ఆయన జడలు చూసి రమణమ్మ, "ఏ సామికి మొక్కుకున్నాడో పాపం" అంది.

డెల్రాయ్ నేరుగా బాక్సుల దగ్గరికి పోయి, పండిందో లేదో పనసకాయను చూసినట్టు వేలితో కొట్టి చూశాడు. ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పాడు.

"వాళ్ల నాయన కూడా ఇట్లాంటివి చేత్తో చేసేవాడంట అన్నా. వాళ్లూర్లో వీధుల్లో పెట్టి పాటలేసేవాళ్లంట. నీ సెట్టే కావాలంటాండాడు" అన్నాడు హరీష్.

మునిరత్నానికి ఆ పూట అన్నం సయించలేదు. పరదేశి ముందు, అంతమంది జనంలో బాక్సుల్లోంచి ఒక్క గురక వచ్చినా చాలు, డీజేవాళ్లు ఊరూరా టాంటాం వేస్తారు. ముప్పై ఏళ్ల పేరు ఒక్క సాయంత్రంతో మట్టి కొట్టుకుపోతుంది.

కచేరీ మొదలైంది. మునిరత్నం వేదిక పక్కన మిక్సర్ మీదే చూపు నిలిపి కూర్చున్నాడు. రెండు పాటలు బ్రహ్మాండంగా నడిచాయి. మూడో పాట మధ్యలో ఉన్నట్టుండి బేస్ మాయమైంది. డ్రమ్ము ఒక్కటే మోగుతోంది.

మునిరత్నం మరో ఆలోచన లేకుండా, పంచె ఎగ్గట్టి జనం కళ్లెదుటే వేదిక మీదికి పరుగెత్తాడు. బాక్సుకు చెవి ఆనించాడు. సరిగ్గా అప్పుడే బేస్ ధమ్మని తిరిగి అందుకుంది. ఆ అదురుకు వెల్లకిలా పడ్డాడు. జనం ఈలలు, కేకలు. మునిరత్నానికి తల కొట్టేసినట్టయింది.

డెల్రాయ్ నవ్వలేదు. పాట ఆపించి, ఆయన్ను లేపి భుజం మీద చెయ్యి వేసి మైకులో మాట్లాడాడు. హరీష్ తెలుగులో చెప్పాడు.

"బేస్‌ను కావాలనే ఆపుతారంట. వాళ్ల పాట పద్ధతే అంత. ఎన్నో దేశాల్లో పాడినాడంట, కానీ బేస్ ఆగితే ఇట్లా పానం పోయినట్టు పరిగెత్తినోడు వాళ్ల నాయన తర్వాత మునిరత్నమన్నేనంట!"

చప్పట్లు మిన్నంటాయి. డెల్రాయ్ మిక్సర్ వైపు చూపించాడు. ఈసారి బేస్ ఆపాల్సింది మునిరత్నమే.

"సెట్టు నేను ఆపేదా? నా వల్ల కాదు సారూ" అని మునిరత్నం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చెడిపోయి ఆగేది వేరే, నువ్వు ఆపేది వేరే. ఆపయ్యా!" ముందు వరసలోంచి రమణమ్మ అరిచింది.

పాట మళ్లీ ఊపందుకుంది. మునిరత్నం మిక్సర్ మీద బేస్ మీటను కిందికి దించేశాడు. జనం ఆయన చేతి వైపే చూస్తున్నారు. డ్రమ్ము మీద ఒకటి, రెండు, మూడు దెబ్బలు. ఇక వదుల్తావా అన్నట్టు డెల్రాయ్ కళ్లతో అడిగాడు. ఉండమన్నట్టు మునిరత్నం ఎడమచెయ్యి ఎత్తాడు. ఇంకో నాలుగు దెబ్బలు ఆగి అప్పుడు మీటను పైకి తోశాడు. నాలుగు బాక్సులూ ఒక్కసారిగా గర్జించాయి, నేల అదిరింది, జనమంతా ఎగిరారు.

"సూసినావా రమణమ్మా! నేనే ఆపినా!" అని మునిరత్నం గొంతు చించుకున్నాడు.