గీజర్‌లో చల్లటి నీళ్ళు

దోహాలో దిగిన రోజు విమానాశ్రయంలో మా ఆయన నన్ను చూసి నవ్వారు. నేను మాత్రం ఆయన నెత్తిన ఉన్న టోపీనే చూశాను. "లోపల కూడా ఎండేనా అండీ?" అంటే, "ఇక్కడంతే" అన్నారు.

ఫ్యామిలీ వీసా కోసం ఆయనక్కడ, నేను ఇంటి దగ్గర రెండేళ్ళు ఎదురుచూశాం. ఈలోగా థైరాయిడ్ పుణ్యమా అని నేను లావెక్కాను. పొట్ట మీద, నడుం మీద చారలు పడ్డాయి. ఫోటోలు మెడ వరకే పంపేదాన్ని. ఆయనేమో లుసైల్‌లో బిల్డింగులు కట్టే సైట్‌లో హెల్మెట్ పెట్టుకుని, వెనక క్రేన్లతో పంపేవారు. గ్యాస్ డబ్బుతో ఊరంతా పైకి లేస్తున్న రోజులవి.

అల్ అజీజియాలో ఒక విల్లాని వాటాలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక గది మాది. కిటికీ బయట ఎప్పుడూ తెల్లటి వెలుతురు. పగలంతా ఏసీ హోరు వింటూ, నిద్రో మెలకువో తెలియకుండా తేలుతూ ఉండేదాన్ని. పడుకునే వేళకి ఆ మత్తు కాస్తా దిగిపోయేది. ఏసీ చలి పడదంటూ గదిలో కూడా టోపీ తీయని ఆయన, దుప్పటి తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయేవారు. పెళ్ళైన కొత్తలో ఆయన జుట్టులో వేళ్ళు ఆడిస్తే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు చెయ్యి వేయబోతే, "తలనొప్పిగా ఉందే, వద్దు" అంటారు. ఈ ఒళ్ళు చూశాక ఎవరికి మాత్రం దగ్గరికి రావాలనిపిస్తుంది అనుకున్నాను. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. గిన్నెల మీద చూపించేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున, ఆయనకి సెలవు, ఇంకా ముసుగుతన్ని పడుకునే ఉన్నారు. తలంటుకుందామని కుంకుడుకాయ రసం తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాను. ఎండాకాలం అక్కడ నీళ్ళ సంగతి తలకిందులు. మేడ మీది ట్యాంకు ఎండకి కాగిపోయి చన్నీళ్ళ పంపులో సలసలా వేడినీళ్ళొస్తాయి. అందుకని గీజర్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్ళే వాడతారు. వచ్చిన రోజే ఆయన చెప్పారు. కళ్ళ నిండా కుంకుడు నురగ. ఇంటి దగ్గరి అలవాటుకొద్దీ చన్నీళ్ళ పంపే తిప్పాను.

"అమ్మో!" అని నేను పెట్టిన కేకకి, గడియ సరిగా పడని తలుపు తోసుకుని వచ్చేశారు. "కాలిందా? ఎక్కడ? చెప్పానా లేదా, గీజర్ పంపు తిప్పమని!" అంటూనే మగ్గుతో నా భుజం మీద చల్లటి నీళ్ళు పోస్తున్నారు. కళ్ళు తెరిచాను. ఒంటి మీద నూలుపోగు లేదు, దాచుకున్న చారలన్నీ వెలుతురులో ఉన్నాయి. ఎదురుగా ఆయన, టోపీ లేకుండా. టోపీయే కాదు, జుట్టూ లేదు. చెవుల దగ్గర కాస్త, మిగతాదంతా నున్నగా.

ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టేసుకున్నారు. నేను నా పొట్టకి అడ్డం పెట్టుకున్నాను.

"ఇక్కడి నీళ్ళకి మొత్తం ఊడిపోయిందే. నీకేమో నా జుట్టంటే పిచ్చి. చూస్తే దగ్గరికి రానిస్తావో లేదోనని..."

"అందుకా గోడవైపు తిరిగింది! నన్ను చూసి అసహ్యమేసిందనుకుని నేనిక్కడ చస్తున్నానండీ!"

"నిన్ను చూసా?" అన్నారు, నిజంగానే అర్థం కానట్టు. నా చేతులు తీసి, ఆ చారల మీద కూడా నీళ్ళు పోశారు. నేను భోరుమని ఏడ్చేశాను.

తర్వాత బకెట్ బోర్లించి, దాని మీద ఆయన్ని కూర్చోబెట్టి, ఆ బోడి తలకి నూనె పెట్టి తలంటాను. మధ్యాహ్నం నా పొట్ట మీద తల పెట్టుకుని పడుకున్నారు. అలవాటుకొద్దీ నా వేళ్ళు జుట్టు వెతుక్కున్నాయి.

"గోడవైపు తిరగనా?" అన్నారు, కళ్ళు మూసుకునే.

"తిరిగి చూడండి, చెప్తా!" అన్నాను.